అమ్మకి చెప్పకుండా కన్నతల్లిని వెతకొచ్చా? రెండేళ్లుగా నలిగిపోతున్నాను

సత్యనారాయణపురం_28:

అందరికీ నమస్కారం. ఈ విషయం ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, నాతో చదువుకున్న స్నేహితురాలితో కూడా. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నాకు 28. విజయవాడ సత్యనారాయణపురంలోనే పుట్టి పెరిగాననుకుంటూ వచ్చాను. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్నచోట నా చిన్నప్పుడు రైలు పట్టాలుండేవి, సాయంత్రం కాగానే నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని రైలు చూపించడానికి తీసుకెళ్లేవారు. నేను ఒక్కదాన్నే. రెండేళ్ల క్రితం నాన్న పోయారు. తలకొరివి నేను పెడతానంటే పెద్దవాళ్లు ఒప్పుకోలేదు, పెదనాన్నగారి అబ్బాయి పెట్టాడు. ఆడపిల్లనని కాబోలు అనుకుని ఊరుకున్నాను. పెద్దకర్మ రోజు పెరట్లో కుళాయి దగ్గర అరిటాకులు కడుగుతుంటే గోడకి అవతల మా మేనత్త ఎవరితోనో అంటోంది: "ఎంత పెంచుకున్నా రక్తం రక్తమే కదమ్మా, ఎవరి బిడ్డో ఏమో, రేపు ఈ ఇల్లు కూడా దానికే పోతుంది." కుళాయి కట్టేయాలని కూడా తోచలేదు. ఎవరో పిలిస్తే ఆ ఆకులు పట్టుకెళ్లి వేసి, అందరికీ వడ్డించాను, మేనత్తకి కూడా.

నేను విన్నానని అమ్మకి తెలియదు. నాకు తెలుసని తెలియక అమ్మ, తను చెప్పలేదని అడగలేక నేను, రెండేళ్లుగా ఇద్దరం ఒకే ఇంట్లో ఇలాగే ఉంటున్నాం.

మొన్న థైరాయిడ్ అని తేలింది. డాక్టరు "అమ్మగారికి గానీ అమ్మమ్మగారికి గానీ ఉందా?" అని అడిగారు. పక్కన కూర్చున్న అమ్మ "మా వైపు ఎవరికీ లేదండీ" అంది. డాక్టరు రాసేసుకున్నారు. ఇంకోటి, గుంటూరు నుంచి ఒక సంబంధం వచ్చింది, వాళ్లు పుట్టిన టైం అడిగారు. అమ్మ "టైం సరిగ్గా రాసుకోలేదండీ, నామ నక్షత్రం మీద చూసుకోండి" అంది. అలా అంటున్నప్పుడు అమ్మ గొంతు ఎంత పలచగా అయిపోయిందో.

పోయిన నెల అమ్మ గుడికి వెళ్లినప్పుడు బీరువా తీశాను. తప్పే, తెలుసు. పట్టుచీరల అడుగున ఒక కవరు, అందులో తెల్లటి నేతచీర ముక్క, నీలం అంచు, ఒక మూల పసుపు మరక. నాఫ్తలీన్ ఉండల వాసన. పాత బట్టలన్నీ స్టీలు సామాన్లవాడికి వేసేసే మా అమ్మ, నాన్న చొక్కాలు కూడా ఏడాది తిరగ్గానే ఇచ్చేసిన మా అమ్మ, దీన్ని ఉతికి మడతపెట్టి దాచింది. దాని కింద తాడు కట్టిన ఫైలు. పైన "జిల్లా కోర్టు, గుంటూరు, 1998" అని ఉంది. తాడు విప్పలేదు. అమ్మ లేనప్పుడు విప్పబుద్ధి కాలేదు.

ఆఫీసు పని మీద వారానికి రెండుసార్లు గుంటూరు వెళ్తాను. ఆ ఫైలు చూసినప్పటినుంచీ బస్సు వారధి దాటిందంటే చాలు, యాభై ఏళ్లు దాటినట్టున్న ప్రతి ఆడమనిషి ముఖమూ చూస్తున్నాను. ముక్కు చూస్తాను, చెవులు చూస్తాను. మంగళగిరిలో పూలబుట్టతో ఒకావిడ ఎక్కింది, గడ్డం కింద అచ్చం నాకున్నచోటే పుట్టుమచ్చ. నంబూరు దాకా చూస్తూనే ఉన్నాను. "ఏమ్మా, ఎరిగినదాన్లా చూస్తన్నావు?" అంది. ఏం లేదండీ అన్నాను. ఆ రోజు గుంటూరులో దిగాక చాలాసేపు బస్టాండులోనే కూర్చుండిపోయాను.

అమ్మ నాకు ఏ లోటూ చేయలేదు. మరి వెతకాలని ఎందుకు అనిపిస్తోంది? అమ్మకి చెప్పకుండా వెతకడానికి చట్టం ఒప్పుకుంటుందా? చెబితే తట్టుకుంటుందా? నాన్న పోయాక తనకి ఉన్నది నేనొక్కదాన్నే. ఒకవేళ దొరికినావిడ నన్ను చూడనంటే నేను తట్టుకుంటానా? తెలిసినవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

భవానీపురం_రవాణా:

చెల్లెమ్మా, ఇది వదిలెయ్. కన్నవాళ్లు వద్దనుకున్నారు, వీళ్లు కావాలనుకున్నారు, అయిపోయింది. మీ అమ్మగారికి ఈ వయసులో టెన్షన్ పెట్టడం అవసరమా? మంచి సంబంధం చూసుకుని పెళ్లి చేసుకో, నీకో బిడ్డ పుడితే ఇవన్నీ మర్చిపోతావు.

బ్రాడీపేట_అమ్మ:

పై అన్నయ్యగారు మంచి మనసుతోనే చెప్పారు, కానీ మర్చిపోవడం కుదరదండీ. నేను అవతలి వైపు మనిషిని, నేనూ పెంచుకున్న తల్లినే, ఆ వైపు నుంచి చెబుతాను.

తల్లీ, నాకు 51. మాకు పిల్లలు లేరు, మందులు వాడి వాడి విసిగిపోయాక దరఖాస్తు పెట్టుకున్నాం. అధికారులు ఇంటికొచ్చి వంటగదితో సహా అన్నీ చూసి వెళ్లారు, ఆ తర్వాత రెండేళ్లకి పైగా ఎదురుచూశాం. శిశుగృహ నుంచి మా పాపని తెచ్చుకున్నప్పుడు దానికి ఏడు నెలలు. ఇప్పుడు పన్నెండేళ్లు. నాలుగేళ్లప్పుడే చెప్పేశాను, ఎందుకంటే మా వీధిలో అందరికీ తెలుసు, ఎవరో ఒకరు నాకన్నా ముందు చెప్పేస్తారని నాకు భయంగా ఉండేది. "నువ్వు నా పొట్టలో నుంచి రాలేదు, ఇంకో అమ్మ పొట్టలో పెరిగి నా దగ్గరికొచ్చావు" అన్నాను. విని ఆడుకోవడానికి వెళ్లిపోయింది. నాలుగు రోజుల తర్వాత పెరుగన్నం తినిపిస్తుంటే ముద్ద నోట్లో పెట్టుకుని అడిగింది, "ఆ అమ్మ అన్నం తిన్నదా?" అని.

ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు చేతులు ఆడవు. అసూయ కలిగిందా అంటే, కలిగింది, అబద్ధం చెప్పను. ఒక రాత్రి ఏడ్చాను. మర్నాడు దాని పుట్టినరోజు, గుడికి తీసుకెళ్లి అర్చనకి పాప పేరు, మా పేర్లు చెప్పాక "ఇంకో అమ్మ పేరు కూడా" అంది. పేరు తెలియదు, గోత్రం తెలియదు. పూజారిగారు ఒక్క నిమిషం ఆగి, "పాప పేరు మీదే చేస్తానమ్మా, ఆవిడకీ అందుతుంది" అన్నారు. ఏటా అలాగే చేయిస్తున్నాం.

ఇక మీ అమ్మగారి సంగతి. ఆ చీరముక్క చూశావు కదా. నీకెప్పటికీ తెలియకూడదు అనుకున్న మనిషి దాన్ని ఏనాడో పొయ్యిలో పడేసేది. ఇన్నేళ్లు దాచిందంటే నువ్వు ఎప్పుడో ఒకనాడు అడుగుతావనే దాచింది. చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు, అంతే. నాలుగేళ్లప్పుడు చెప్పకపోతే పదేళ్లకి ఇంకా కష్టం, ఇరవైకి మరీ కష్టం, ప్రతి ఏడూ వాయిదా పడుతూనే ఉంటుంది, మాలాంటి తల్లులతో మాట్లాడినప్పుడు అందరూ చెప్పేది ఇదే.

అడుగు. కూర్చోబెట్టి, చేతులు పట్టుకుని, సినిమాలో లాగా అడక్కు. ఏ చిక్కుడుకాయలో వలుస్తున్నప్పుడు అడుగు, చేతులకి పని ఉంటుంది, ముఖాలు చూసుకోనక్కర్లేదు.

డాక్టరు దగ్గరికి మాత్రం ఇంకోసారి ఒక్కదానివే వెళ్లి దత్తత అని చెప్పు. "ఇంట్లో ఎవరికీ లేదు" అని రాయించుకోవడం కన్నా "తెలియదు" అని రాయించుకోవడమే నీకు క్షేమం, ముందుముందు ఏ పరీక్ష ఎప్పుడు చేయాలో వాళ్లు దాన్ని బట్టే చూసుకుంటారు. ఇది మా పాప డాక్టరు మాకు మొదటిరోజే చెప్పిన మాట.

అరండల్‌పేట_అడ్వకేటు:

చట్టం గురించి అడిగారు కాబట్టి అది చెబుతాను. ఫైలు చూడకుండా అంటున్నాను, కాగితాలు చూస్తే కొంత మారొచ్చు.

1998 జిల్లా కోర్టు అంటే, బహుశా మిమ్మల్ని ఏదో సంస్థ నుంచి తీసుకుని ఉంటారు. కన్నవాళ్లు ఎవరో తెలియనప్పుడు, లేదా బిడ్డని వదిలేసినప్పుడు, బిడ్డ సంరక్షణ చూసేవాళ్లు కోర్టు అనుమతితో దత్తత ఇవ్వొచ్చని 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. ఇప్పుడు సంస్థల నుంచి జరిగే దత్తతలు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద నడుస్తున్నాయి, 2021 సవరణ వచ్చాక 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వులు కోర్టు బదులు కలెక్టరే ఇస్తున్నారు.

ముందు మీ మేనత్తగారి మాట సంగతి. ఆ 1956 చట్టం 12వ సెక్షన్ ప్రకారం దత్తత జరిగిన రోజు నుంచి మీరు అన్ని విధాలా ఆ అమ్మానాన్నల బిడ్డే. 15వ సెక్షన్ ప్రకారం చెల్లుబాటైన దత్తతని పెంచుకున్నవాళ్లు కూడా రద్దు చేయలేరు, ఇక మేనత్తలెంత. నాన్నగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, నాన్నమ్మగారు లేని పక్షంలో ఆ ఇల్లు మీకూ అమ్మగారికీ సమానంగా వస్తుంది. దీని గురించి ఒక్క రాత్రి కూడా నిద్ర పాడుచేసుకోకండి. ఒక చోట మాత్రం చట్టం పుట్టింటిని గుర్తుపెట్టుకుంటుంది: ఆ కుటుంబంలోనే ఉండి ఉంటే ఎవరిని పెళ్లి చేసుకోకూడదో వాళ్లని దత్తత తర్వాత కూడా చేసుకోకూడదు.

వెతకడం గురించి. 18 నిండినవాళ్లు సొంతంగా అడగొచ్చు, అమ్మగారి సంతకం అక్కర్లేదు. 18 లోపువాళ్లయితే పెంచినవాళ్లతో కలిసి అడగాలి. మీకు దత్తత ఇచ్చిన సంస్థని గానీ, జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని గానీ, రాష్ట్ర దత్తత విభాగాన్ని గానీ, ఢిల్లీలో దేశమంతటి దత్తతలూ చూసే కేంద్ర సంస్థ కారాని గానీ అడిగితే వాళ్లు సాయపడాలని దత్తత నిబంధనల్లో ఉంది. అయితే అప్పగించేటప్పుడు కన్నతల్లి తన వివరాలు చెప్పొద్దని కోరి ఉంటే, ఇప్పుడు ఆవిడ ఒప్పుకుంటేనే చెబుతారు. తెలుసుకునే హక్కు మీకు ఎంత ఉందో, చాటున ఉండిపోయే హక్కు ఆవిడకీ అంత ఉంది, ఇది వినడానికి కష్టంగా ఉంటుందని తెలుసు. ఆ రోజుల్లో పెళ్లి కాకుండా తల్లయి, ఇంట్లో ఎవరికీ తెలియకుండా బిడ్డని అప్పగించి, ఆ తర్వాత వేరే ఊళ్లో కాపురం చేసుకుంటున్న ఆడవాళ్లు ఉన్నారు. ఇంటికి నేరుగా ఒక ఉత్తరం వెళ్తే వాళ్ల బతుకు ఏమవుతుందో ఆలోచించండి. సంస్థలు బయట పెట్టే ఊయలలోనో, ఆసుపత్రి మెట్ల మీదో వదిలిన బిడ్డ అయితే అసలు రికార్డులో పేరే ఉండదు, ఎక్కడ ఎప్పుడు దొరికారు అన్నంతవరకే చెప్పగలుగుతారు.

డబ్బు తీసుకుని వెతికిపెడతామనేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు. మీ తరఫున మూడో మనిషి వెతకడాన్ని నిబంధనలు ఒప్పుకోవు. డీఎన్ఏ కిట్ల గురించి కూడా అడుగుతుంటారు, మీ రక్తసంబంధీకులెవరైనా అదే కంపెనీలో పరీక్ష చేయించుకుని ఉంటేనే అవి పనికొస్తాయి.

తెనాలి_మూడోవాడు:

నేను వెతకాల్సిన అవసరం లేకుండా పోయింది, ఎందుకంటే మా అమ్మది, నన్ను కన్నతల్లిది, ఒకటే వీధి. మా వైపు ఇంట్లో ఇంట్లో దత్తతలు మామూలే కదా. మా నాన్నకి ముగ్గురం కొడుకులం, పెదనాన్న పెద్దమ్మలకి పిల్లల్లేరు, మూడోవాణ్ణి నన్ను ఇచ్చేశారు. రిజిస్టర్ కాగితం ఉంది. అప్పుడు నాకు ఏడాదిన్నర. అప్పటినుంచీ పెద్దమ్మ అమ్మ అయింది, అమ్మ పిన్ని అయింది. అందరికీ తెలుసు, నాకూ తెలుసు, దాపరికమే లేదు. అందుకని నాకు బాధ లేదనుకునేవారు.

ఉండేది. సాయంత్రం ఆటలయ్యాక అన్నలిద్దరూ ఆ ఇంటి గుమ్మం ఎక్కేవాళ్లు, నేను నాలుగిళ్లు దాటి ఇంకో గుమ్మం ఎక్కాలి. మా అమ్మ బంగారం, నన్ను కాలు కింద పెట్టనివ్వలేదు. అయినా ఆ నాలుగిళ్లు నడిచేటప్పుడల్లా ఒకటే ప్రశ్న, ముగ్గురిలో నన్నే ఎందుకు? తప్పేం చేశాను? ఏడుపెక్కువ అయ్యిందా, నల్లగా ఉన్నాననా?

35 ఏళ్లకి నాకు కూతురు పుట్టింది. దాన్ని ఎత్తుకున్నప్పటినుంచీ ఆ ప్రశ్న మరీ పీకడం మొదలెట్టింది. మా అమ్మే కనిపెట్టి, "నా దగ్గర మొహం వేలాడేసుకుని కూర్చోకపోతే వెళ్లి అడిగేయరాదూ" అని నన్ను పంపింది. వెళ్లాను. పిన్ని పెరట్లో కరివేపాకు దూస్తోంది. నిలబడే అడిగాను, నన్నే ఎందుకిచ్చావని. చాలాసేపు దూస్తూనే ఉండి, చివరికి, "నువ్వు అప్పటికే పాలు మరిచావురా. నడిపివాడు ఇంకా నన్ను వదిలేవాడు కాదు, పెద్దవాడికి ఊహ తెలిసింది. నువ్వయితే ఏడవవు అనుకున్నాను" అంది. కాసేపటికి మళ్లీ, "నువ్వు ఏడవలేదు. నేనే" అని అక్కడితో ఆపేసింది.

నడిపివాడు నాకన్నా రెండేళ్లు పెద్ద. వాడు వదలలేదు, నేను వదిలేశాను, అంతే కారణం. మూడు నెలలు నిద్ర పట్టలేదు. నేను ఊహించుకున్న వంద కారణాల్లో ఇది లేదు. కోపం ఇంకా కొంత ఉంది, దాచను. కానీ ఒకటి అర్థమైంది. చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో భోజనానికి కూర్చుంటే అందరికీ ఒక గరిటె నెయ్యి, నాకు మాత్రం గరిటె వంచాక పిన్ని చెయ్యి ఒక్క క్షణం ఆగి, ఇంకాస్త పడేది. అన్నలు వెక్కిరించేవాళ్లు, చుట్టానికి మర్యాద అని. నేనూ అలాగే అనుకుని ముడుచుకుపోయేవాణ్ణి.

కాబట్టి చెల్లెమ్మా, వెతుకు. ఆవిడ దొరకొచ్చు, దొరక్కపోవచ్చు, దొరికినా నీకు నచ్చే జవాబు చెప్పకపోవచ్చు. నీకు మనిషి కాకుండా ఒక కాగితం మీద నాలుగు వాక్యాలే దొరికినా అవి నీవి. ముందు మాత్రం మీ అమ్మగారికి చెప్పు. నన్ను మా అమ్మ పంపకపోయి ఉంటే నేను పిన్ని గుమ్మం ఎక్కినా నోరు పెగిలేది కాదు.

భవానీపురం_రవాణా:

తెనాలి అన్నా, మీది చదివాక నేను రాసింది తొందరపాటు అనిపించింది. చెల్లెమ్మా, ఏమీ అనుకోకు. గుంటూరులో ఆఫీసుల చుట్టూ తిరగడానికి బండి కావాలంటే చెప్పు, మా తమ్ముడు అక్కడే ఆటో నడుపుతాడు.

సత్యనారాయణపురం_28:

మూడు వారాలైంది, ఆలస్యానికి క్షమించండి. ఒక్కో జవాబు నాలుగైదుసార్లు చదివాను.

బ్రాడీపేట అమ్మగారూ, చిక్కుడుకాయలే దొరికాయి. ఆదివారం పొద్దున్న ఇద్దరం హాల్లో చాప మీద కూర్చుని ఈనెలు తీస్తున్నాం. "అమ్మా, నాకు తెలుసే" అన్నాను, అంతకన్నా మాట రాలేదు. ఏంటి అని అడగలేదు అమ్మ. చేతులు ఆగలేదు. "ఎప్పట్నుంచి?" అంది. నాన్న పెద్దకర్మ రోజు నుంచి అన్నాను. అప్పుడు ఆగాయి. "రెండేళ్లు ఒక్కదానివే మోశావా" అని నన్ను దగ్గరికి లాక్కుంది. తను దాచినందుకు నేను ఏడుస్తాననుకుంటే, నేను దాచుకున్నందుకు అమ్మ ఏడ్చింది. చిక్కుడుకాయలు చాపంతా పడ్డాయి. ఆ రోజు వంట చేయలేదు, టిఫిన్ తెప్పించుకున్నాం.

చెప్పాలని అనుకోని సంవత్సరం లేదట. పదో తరగతి అయ్యాక, ఇంటర్ అయ్యాక, ఉద్యోగం వచ్చాక అని నాన్నా తనూ వాయిదా వేసుకుంటూ పోయారట. చివరి రోజుల్లో నాన్న ఆసుపత్రిలో కూడా "అమ్మాయికి చెప్పేద్దాం" అన్నారట, ఈలోపే అయిపోయింది.

ఫైలు అమ్మే విప్పింది. నేను గుంటూరులో ఒక సంస్థకి చేరేటప్పటికి 22 రోజుల పిల్లనట. కన్నతల్లి పేరు ఉత్తర్వులో లేదు. నీలం అంచు చీరముక్క నా ఒంటికి చుట్టి ఉన్నదే. ఫైల్లో మడతలు పడిన కేలండర్ కాగితం ఒకటి ఉంది, ఒక తేదీ చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా, పక్కన నాన్న చేతిరాత: "సా. 4.15, అమ్మాయి వచ్చింది." పుట్టిన టైం ఎవరైనా అడిగితే ఇక ఇదే చెబుతానంది అమ్మ. గుంటూరు సంబంధం వాళ్లకి ఉన్నదంతా చెప్పేశాం, ఆలోచించుకుంటామన్నారు, ఇంకా ఫోన్ రాలేదు. రాకపోయినా పర్లేదు.

డాక్టరుకి కూడా చెప్పాం, ఈసారి అమ్మే చెప్పింది. మేనత్తకి మాత్రం అప్పుడే ఏమీ అనొద్దని అమ్మ ఒట్టు పెట్టించుకుంది.

అడ్వకేటుగారూ, కోర్టు కాగితం మీద ఓ.పీ. అని కేసు నంబరు ఉంది, సంస్థ పేరు ఉంది కానీ ఆ చిరునామాలో ఇప్పుడు వేరే ఏదో ఉందట. నంబరుతో ఏమైనా దొరుకుతుందా? ఏమేం తీసుకెళ్లాలి? అమ్మ కూడా వస్తానంటోంది.

అరండల్‌పేట_అడ్వకేటు:

అమ్మగారు వస్తే చాలా మంచిది. ఓ.పీ. నంబరు, సంవత్సరం ఉంటే కోర్టులో పాత రికార్డుకి సర్టిఫైడ్ కాపీ అడగొచ్చు, సంస్థ వేసిన పిటిషన్‌లో మీరు వాళ్ల దగ్గరికి ఎలా చేరారో కొంతైనా రాసి ఉండొచ్చు. సంస్థ ఇప్పుడు లేకపోతే ముందు జిల్లా బాలల సంరక్షణ విభాగానికే దరఖాస్తు ఇవ్వండి. ఉత్తర్వు జిరాక్సులు రెండు, మీ ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, ఫొటోలు. దరఖాస్తులో ఒక్క వాక్యం చేర్చండి, కన్నతల్లి కలవడానికి ఇష్టపడకపోతే ఆరోగ్యం వివరాలైనా ఇప్పించమని. ఇచ్చిన ప్రతి కాగితానికీ అందినట్టు ముద్ర వేయించుకోండి. సోమవారం వద్దు, అర్జీల రోజు, కలెక్టరేట్ కిక్కిరిసి ఉంటుంది, మంగళవారం వెళ్లండి. చీరముక్క అసలుది తీసుకెళ్లొద్దు, పోతే మళ్లీ రాదు, ఫొటో తీసుకెళ్లండి.

సత్యనారాయణపురం_28:

మంగళవారమే వెళ్తామండీ. కాగితాలన్నీ సర్దుకున్నాం. ఫొటోకి మాత్రం అమ్మ ఒప్పుకోవడం లేదు, చీరముక్క తన హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకుని ఒళ్లో పట్టుకుని కూర్చుంటానంటోంది.